పొదుపు మన తెలివి - ఎంగిలి మన రాత కాదు

ఈ మధ్య పట్నంలో కొర్రలు, సామలు సన్నబియ్యం కంటే పిరమైనయి. షుగరు వచ్చినోళ్లకు డాక్టర్లు చెబుతున్నారు, ఉన్నోళ్లు సంచులకొద్దీ కొంటున్నారు. 2023వ సంవత్సరాన్ని ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ పక్కన పెట్టి హోటళ్లలో చద్దన్నం అమ్ముతున్నారు. పాత చీరెలతో కుట్టిన బొంతలను చేతిపని పేరుతో ఎగ్జిబిషన్లలో వేలాడదీస్తున్నారు. పాతది పారెయ్యొద్దు, మళ్లీ వాడండి, భూమిని కాపాడండి అని సభల్లో ఉపన్యాసాలు ఇస్తున్నారు.

సంతోషమే. గటక తాగినోళ్లను చూసి ముక్కు మూసుకున్న కులాలు ఇవాళ గటక తాగుతామంటే మనం వద్దనం. అయితే మాలాంటి వాళ్లకు కొన్ని ప్రశ్నలున్నాయి. ఈ తిండి ఎవరిది? ఈ పొదుపు ఎవరు నేర్పింది? ఎవరు ఎందుకు పొదుపు చెయ్యాల్సి వచ్చింది? మన వాడల్లో పొయ్యి కాడ పుట్టిన తెలివికి పేరు లేదు, కూలి లేదు, మర్యాద లేదు. అదే తెలివి అంగట్లోకి ఎక్కినంక దానికి పేరూ వచ్చింది, ధరా వచ్చింది. పెద్దల మాట చద్దిమూట అని సామెత చెప్పుకుంటారు. చద్దిమూటను మెచ్చుకున్న ఊరు, చద్ది మోసుకొని పొలం పోయిన మనిషిని మాత్రం బావి దగ్గరికి రానియ్యలేదు.

మేం బడిపంతుళ్లం. మా ఇండ్లల్లో మొదటగా డిగ్రీ కాగితం చూసిన తరం మాది. ఇటు అమ్మ చేతి గటకా తెలుసు, అటు స్టాఫ్ రూములో విప్పే టిఫిన్ బాక్సులూ తెలుసు. అందుకే ఈ విషయం మనలో మనం మాట్లాడుకోవాలనిపించింది.

మా అమ్మల లెక్క

మన ఇండ్లల్లో ఒక చీరె ఎన్ని బతుకులు బతికేదో లెక్క కడదాం. ముందు అమ్మ కట్టేది. అంచు చిరిగితే కుట్టు వేసుకొని కూలికి కట్టేది. నడుమ చిరిగితే రెండు ముక్కలు చేసి, మంచి ముక్క చెల్లెలికి లంగా ఓణీకి తీసేది. మిగిలింది పసిపిల్లకు ఉయ్యాల. ఉయ్యాల పాతదైతే నాలుగైదు చీరెల పొరలు ఒకదాని మీద ఒకటి పరిచి బొంత కుట్టేది. దారం కూడా కొనేది కాదు, పాత అంచులోంచే పోగులు లాగేది. బొంత పీలికలైతే పొయ్యి మీద గిన్నె దించే మసిగుడ్డ. మసిగుడ్డ అయిపోతే ఇల్లు అలికే గుడ్డ. ఆఖరుకు దీపంలో ఒత్తి. ఒక్క చీరె ఇట్లా వెలుగై పోయేదాక పని చేసేది. దీన్ని ఏ యూనివర్సిటీ వాళ్లు వచ్చి నేర్పలేదు.

తిండి లెక్కా అంతే. బియ్యం కడిగిన నీళ్లు కుడితికి పోయేవి. అన్నం వార్చిన గంజిలో ఉప్పు వేసి పిల్లలకు పోసేది. అన్నంలోంచి వార్పులో పోయే బి విటమిన్లు ఆ గంజిలోనే ఉంటాయని పుస్తకాలు తర్వాత చెప్పినయి, అమ్మ ముందే తాపింది. రాత్రి మిగిలిన మెతుకుల్లో నీళ్లు పోసి పెడితే పొద్దుటికి పులిసి చద్దన్నమయ్యేది, ఎండలో పనికి పోయేటోళ్ల కడుపు చల్లగా ఉంచేది. ఎండిపోయిన జొన్నరొట్టెను తుంచి, చింతపండు పులుసులో ఉడికించి, ఇంత ఎల్లిపాయ కారం వేస్తే అది ఇంకో పూట కూర. చింతపండు వాడుకున్నంక చింతగింజలు వేయించి పిల్లల జేబుల్లో పోసేది, బడికి పోయే దారంతా అవే మా మిఠాయి. పగిలిన కుండ పెంకు కోళ్లకు నీళ్లు పెట్టే పాత్ర. చిల్లు పడిన సర్వకు మాటు వేయించుకుంటే మరో రెండేండ్లు నడిచేది. పొయ్యిలో బూడిద గిన్నెలు తోమడానికి. మా చదువు కూడా అట్లనే సాగింది. ఎండాకాలం సెలవుల్లో పాత నోటు పుస్తకాల్లో మిగిలిన తెల్ల కాగితాలు చింపి, దబ్బనంతో కుట్టి, కొత్త పుస్తకమని మురిసిపోయేవాళ్లం.

ఇంక కూరలు. చేన్లో విత్తకుండానే మొలిచేవి ఎన్నో. తుమ్మికూర, పొన్నగంటి, పాయలకూర, గునుగు, దొగ్గలి. పత్తి చేన్లో మందు కొట్టి చంపే కలుపును మన ఆడోళ్లు కూలి పని చేస్తూనే కొంగులో వేసుకొచ్చి కూర చేశారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత ఆడోళ్లే. ఈ కలుపు కూరల పేర్లు, జొన్న, కొర్ర, తైదల విత్తనాలు వాళ్లు కాపాడుకొచ్చారు. మాచునూరులో 2008లో సొంతంగా రేడియో పెట్టుకొని తమ గొంతుతోనే తమ పంటల గురించి చెప్పుకున్నారు. 2019లో ఐక్యరాజ్య సమితి వాళ్ల ఈక్వేటర్ బహుమతి ఆ సంఘాలకు వచ్చింది. చదువు రాదని ఊరు తీసిపారేసిన ఆడోళ్ల దగ్గర ఎంత చదువుందో దీన్నిబట్టి తెలుసుకోవాలి.

పాత బట్ట, పగిలిన కుండ ఒక శిక్ష

ఇంతవరకు చదివి, మన పెద్దలు ఎంత పొదుపరులు అని మురిసిపోతే సగమే అర్థమైనట్టు. రెండో సగం చెప్పుకోవాలి.

మనవాళ్లు పాతది వాడింది పేదరికం వల్ల మాత్రమే కాదు. కొత్తది వాడొద్దని శాసనం ఉండేది. మనుస్మృతి పదో అధ్యాయం చూడండి. ఊరి బయట ఉండాలనీ, శవాల మీది బట్టలు కట్టాలనీ, పగిలిన పాత్రల్లో తినాలనీ, ఇనుప నగలే పెట్టుకోవాలనీ చండాలులకు అక్కడ నియమం రాసి పెట్టారు. అదే అధ్యాయంలో మరోచోట, సేవ చేసే శూద్రుడికి ఎంగిలి కూడు, పాత బట్టలు, తాలు గింజలు, పాత సామాను ఇవ్వాలని ఉంది. ఇవాళ భూమి కోసం పాతది వాడండి అని చెప్పేవాళ్లకు ఇది స్వచ్ఛందం. మన తాతలకు ఇది శిక్ష. బాబాసాహెబ్ 1927 డిసెంబర్ 25న మహద్‌లో ఆ పుస్తకాన్ని తగలబెట్టింది ఊరికే కాదు.

శాసనం కాగితం మీదే ఉండిపోలేదు. ‘కుల నిర్మూలన’ (1936) లో అంబేద్కర్ రెండు ఊళ్ల సంగతి రాశారు. అహ్మదాబాద్ జిల్లా జాను అనే ఊరిలో 1935లో కొంచెం కలిగిన అంటరాని కుటుంబాల ఆడోళ్లు లోహపు బిందెలతో నీళ్లు తెచ్చుకున్నారు. అది తమకు అవమానమని సవర్ణులు వాళ్ల మీద పడి కొట్టారు. జైపూర్ సంస్థానంలో చక్వారా అనే ఊరిలో, తీర్థయాత్ర చేసి వచ్చిన ఒకాయన తన కులపోళ్లకు భోజనం పెడుతూ నెయ్యి వడ్డించాడు. తింటున్నోళ్ల మీదికి లాఠీలతో వచ్చి తిండిని పాడుచేసి, మనుషులను కొట్టారు. ఒకచోట బిందె నేరం. ఒకచోట నెయ్యి నేరం. మట్టి కుండే పట్టుకో, నెయ్యి లేని కూడే తిను, అదే నీ స్థాయి అని చెప్పడమే దాని అర్థం.

మన రాష్ట్రం సంగతి చూద్దామా? 1985 జులైలో కారంచేడు మారణకాండ మొదలైంది తాగే నీళ్ల దగ్గరే. మాదిగలు తాగే చెరువు నీళ్లను పాడుచేస్తుంటే ఇదేందని అడిగారు. నీళ్లకు వచ్చిన మాదిగ మహిళ బిందె ఎత్తి ఎదురు నిలబడింది. జులై 17న ఆరుగురిని చంపారు. ఇంటి సామాను, తాగే నీళ్లు, తినే తిండి చిన్న విషయాలని ఎవరన్నా అంటే కారంచేడును గుర్తు చెయ్యండి.

అందుకే మన పొదుపులో రెండు రకాలున్నాయని మేం అంటాం. మన చీరెతో మనం కుట్టుకున్న బొంత ఒకటి. దొర గడి వాకిట్లో చేతులు చాపితే పైనుంచి జారవిడిచిన పాత గుడ్డ ఇంకొకటి. మన కుండలో మనం పులియబెట్టుకున్న చద్దన్నం ఒకటి. పొద్దుగూకినంక ఇల్లిల్లూ తిరిగి అడుక్కొచ్చుకున్న బువ్వ ఇంకొకటి. కల్లంలో రోజంతా పనిచేసి, కూలి కింద మట్టితో కలిసిన అడుగు గింజలు ఊడ్చుకొచ్చుకోవడం కూడా ఇందులోదే. చూడ్డానికి రెండూ ఒకేలా కనబడతాయి. మొదటిది తెలివి, రెండోది వెట్టి. మొదటిదాన్ని కాపాడుకోవాలి. రెండోదాన్ని ఏ పేరుతో వచ్చినా తిప్పికొట్టాలి. 1927 మార్చిలో మహద్ సభలో అంబేద్కర్ చెప్పిందీ ఇదే. చచ్చిన గొడ్డు మాంసం మానండి, పారేసిన తిండి తీసుకోవద్దు అన్నారు. అది రుచి గురించి చెప్పిన మాట కాదు, ఆత్మగౌరవం గురించి చెప్పిన మాట.

ఊరి చావును పనిముట్టు చేసినోళ్లు

మళ్లీ వాడుకోవడం గురించి మాట్లాడే పెద్దమనుషులు ఒక మాట ఎప్పుడూ చెప్పరు. ఊళ్లో అన్నిటికంటే పెద్ద పని ఆ విషయంలో చేసింది మాదిగలు. గొడ్డు చస్తే ఊరంతా దూరం జరిగేది. మనవాళ్లు ఎత్తుకుపోయి తోలు తీసేవాళ్లు. సున్నం, తంగేడు చెక్క వేసి తోలు ఊనేవాళ్లు. ఆ తోలే రైతు కాలికి చెప్పు, మోట బావిలో నీళ్లు తోడే తొండం, ఎడ్ల మెడకు పట్టెడ, ఊరి పండుగకు డప్పు. ఒక చావులోంచి ఊరి సేద్యానికి కావలసినంత సామాను తీసిచ్చారు. వాళ్లను శాస్త్రవేత్తలు అనాలని కంచ ఐలయ్య తన పుస్తకంలో రాసే దాకా ఆ మాట అన్నవాళ్లు తక్కువ. తంగేడు పువ్వును బతుకమ్మలో పేర్చి మొక్కుతారు, అదే చెట్టు చెక్కతో తోలు ఊనినోణ్ణి వాడ అవతలికి నెడతారు. ఇదేం న్యాయం?

ఆ పనికి ఇవాళ దక్కుతున్న మర్యాద ఏమిటి? 2016 జులైలో గుజరాత్‌లోని ఊనా దగ్గర, చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత యువకులను కట్టేసి కొట్టారు. అప్పుడు అక్కడి దళితులు కళేబరాలు తీసుకుపోయి కలెక్టరాఫీసు ముందు పడేశారు. మీ గొడ్డును మీరే ఎత్తుకోండి అన్నారు. అదీ సరైన జవాబు.

పట్నాల్లో చూడండి. తడి చెత్త, పొడి చెత్త వేరు చెయ్యమని గోడల మీద బొమ్మలేస్తారు. 2014 అక్టోబర్ 2న స్వచ్ఛ భారత్ మొదలైనప్పుడు పెద్ద పెద్దోళ్లు చీపుర్లు పట్టుకొని ఫొటోలు దిగారు. ఫొటో అయినంక ఆ చీపురు ఎవరి చేతికి పోయింది? చెత్త బండి వెనక పొద్దున్నే నడిచేది ఎక్కువగా మన ఆడోళ్లే, కాంట్రాక్టు జీతానికి. 2013లో పాకీపని నిషేధ చట్టం వచ్చినంక కూడా మ్యాన్‌హోళ్లలో మనవాళ్లు చస్తూనే ఉన్నారు. చెత్తను సొమ్ము చెయ్యడం గొప్ప పనే అయితే, ఆ పని చేసేవాళ్లకు పర్మినెంటు ఉద్యోగం, యంత్రాలు, జీతం ఎందుకుండవు?

‘ఆ రోజులే బాగుండె’ అనేవాళ్లతో

మన చదువుకున్నోళ్లలో రెండు జబ్బులు కనబడుతున్నయి. ఒకటి సిగ్గు. ఇంకొకటి తీపి జ్ఞాపకాల మత్తు.

సిగ్గు సంగతి ముందు. మా చిన్నప్పుడు ఇంటి ముందు దండేనికి తునకలు దండల్లెక్క ఆరేవి. పెద్దకూరను పొడుగ్గా కోసి, ఉప్పు, పసుపు పట్టించి, ఎండకు పెడితే నెలలకొద్దీ నిల్వ. నిప్పుల మీద కాల్చుకున్నా, చింతచిగురుతో వండుకున్నా ఆ రుచే వేరు. ఫ్రిజ్ లేని ఇంట్లో మాంసం నిల్వ చేసే విద్య అది. ఇవాళ ఉద్యోగం వచ్చి కాలనీలో ఇల్లు తీసుకున్నోళ్లు తలుపులు మూసి, కిటికీలు మూసి వండుకుంటున్నారు. కొందరు మానేసి శాకాహారులమని చెప్పుకుంటున్నారు. ఇల్లు కిరాయికి ఇచ్చేటోడు ముందు కులం అడుగుతాడు, కులం అడగలేకపోతే కూర అడుగుతాడు. తిండికీ అంటరానితనానికీ ముడి ఎట్లా పడిందో 1948లో వచ్చిన ‘అంటరానివారెవరు?’ పుస్తకంలో అంబేద్కర్ చర్చించారు. అది చదివినోళ్లకు కిటికీలు మూసే అవసరం రాదు. మేం పనిచేసిన ఒక బడిలో ఒక పిల్ల రోజూ బాక్సు మూత సగమే తెరిచి తినేది. లోపల ఏముందంటే జొన్నరొట్టె, పుంటికూర. దాచుకోవలసినంత తప్పు ఆ రొట్టెలో ఏముంది? ఆ పిల్లకు ఆ భయం నేర్పిన తరగతి గదిని మనం మార్చాలి.

రెండో జబ్బు. పట్టణంలో స్థిరపడ్డ మనోళ్లు కొందరు ఆ రోజులే బాగుండె, గటక తాగి గట్టిగుంటిమి అంటారు. ఎవరికి బాగుండె? గటక గుర్తుంది గానీ, అది పలచనైన రోజులు మరిచిపోయారా? అందరూ తిన్నంక కుండ అడుగున మిగిలింది గీక్కొని, లేకపోతే నీళ్లు తాగి పండుకున్న అమ్మను మరిచిపోయారా? బొంత వెచ్చగా ఉండె నిజమే. కూలి చేసొచ్చి, వండి, పిల్లలను పండబెట్టి, కిరసనాయిలు బుడ్డి కింద ఆ బొంత కుట్టిన కండ్లకు ఏమైందో అడగాలి. ఇంటి పొదుపు అని మనం గొప్పగా చెప్పుకునేది చాలావరకు ఆడోళ్ల కడుపు మాడ్చుకున్న పొదుపు, ఆడోళ్ల నిద్ర తీసిన పొదుపు. మొగోళ్లు ఆ లెక్కలో తక్కువే కలిశారు. కల్లు దుకాణంలో పోయిన పైసలు బొంత కుట్టి సంపాదించలేం.

అట్లాగే వరి అన్నం సంగతి. మా చిన్నతనంలో తెల్లన్నం పండుగకే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినంక మన పిల్లల కంచంలో రోజూ తెల్లన్నం కనబడింది. 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషన్ దుకాణంలో సన్నబియ్యం ఇస్తున్నారు. దాన్ని చూసి, ఆరోగ్యానికి జొన్నలే మంచివి గదా, వీళ్లకు సన్నబియ్యం ఎందుకు అనే గొంతులు వినబడతాయి. తరతరాలు సన్నబియ్యం తిన్నోళ్లు ఇప్పుడు జొన్నకు మారుతూ, మనం సన్నబియ్యం ముట్టగానే పాఠాలు చెప్పడం చక్వారా నెయ్యి కథకు చుట్టమే. మన పిల్లలు సన్నన్నం తింటారు. జొన్నరొట్టే తింటారు. ఏది తినాలో మనమే తేల్చుకుంటాం.

మరేం చెయ్యాలి?

ఒకటి. రేషన్ దుకాణంలో బియ్యంతో పాటు జొన్నలు, రాగులు కావాలని సంఘాల తరఫున అడగాలి. బియ్యానికి బదులుగా కాదు, బియ్యంతో పాటు. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చినప్పుడే ముతక ధాన్యాలు కిలో రూపాయికి ఇవ్వొచ్చని అందులో రాశారు. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటే బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు. ఎదిగే పిల్లకు, బాలింతకు అది కావాలి. ఆ పంట పండించేది మెట్ట భూమి ఉన్న మన చిన్న రైతులే గనుక, కొనుగోలు వాళ్ల దగ్గరే జరగాలి.

రెండు. బడిలో మధ్యాహ్న భోజనం మన కండ్ల ముందే జరుగుతుంది. వంట మనుషుల నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న చెప్పింది. మీ ఊరి బడిలో వండేది ఎవరు? మనవాళ్లు వండితే ఇంటినుంచి బాక్సు తెచ్చుకుంటున్నది ఎవరు? పోయి చూడండి. తల్లిదండ్రుల కమిటీలో అడగండి.

మూడు. మన వంటలు మనమే రాసి పెట్టుకోవాలి. మరాఠీలో షాహు పటోలే మరాఠ్వాడా దళితుల వంటల మీద 2015లో పుస్తకం తెచ్చాడు, అది 2024లో ఇంగ్లీషులోకి కూడా పోయింది. మన వాడల ముసలమ్మల దగ్గర ఎన్ని పుస్తకాలకు సరిపడా ఉంది! తునకలు ఎట్లా ఆరేస్తారు, ఏ నెలలో ఏ కూర దొరుకుతుంది, బొంత ఎన్ని పొరలు వేస్తారు? పది చదివే పిల్లలతో రాయించండి. చెప్పినావిడ పేరు కింద రాయండి. పేరు లేకపోతే రేపు ఎవరో తమదంటారు.

నాలుగు. పెండ్లిళ్లలో, చావుల్లో, జాతర్లలో ఊరివాళ్లు వేరు బంతి పెడితే, ఎంగిలి గిన్నెల్లో వేసిస్తే తీసుకోవద్దు. ఉచితంగా కళేబరాలు ఎత్తొద్దు. చేస్తే కూలి, ఒప్పందం ఉండాలి. ఇది ఒక్క ఇంటితో అయ్యే పని కాదు. కొట్లాట వస్తుంది, కూలి బందు పెడతారు. వాడంతా కూర్చుని మాట్లాడుకొనే దిగాలి.

ఐదు. మొగోళ్లకు ఒక మాట. అంబేద్కర్ జయంతికి జెండా ఎత్తే చెయ్యి ఇంట్లో గిన్నె కూడా కడగాలి. అమ్మ ఆఖర్న తినే అలవాటు మన ఇంటి మనుధర్మం. అందరూ ఒక్కసారే కూర్చుని, ఉన్నది సమానంగా పంచుకొని తినండి. దీనికి సర్కారు జీవో అక్కరలేదు.

మన పెద్దలు లేమిలో కూడా తెలివిని బతికించారు. ఆ తెలివిని తీసుకుందాం, ఆ లేమిని మన పిల్లలకు ఇవ్వొద్దు. బొంత కుట్టడం నేర్చుకుందాం, కొత్త దుప్పటి కొనుక్కునే కూలి కోసం కొట్లాడుదాం. భూమి, కూలి, చదువు మన చేతికి రాకుండా ఒట్టి గటక పొగడ్తలతో కడుపు నిండదు. వచ్చే వాడ మీటింగుకు ముసలమ్మలను ముందు వరసలో కూర్చోబెట్టి ఈ సంగతులు అడగండి. వాళ్లు చెప్పింది రాసి మాకు పంపండి.

జై భీమ్.